తెల్ల టవలు వేసిన కుర్చీ

మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు, ఆలూరు పాత బజారులోని తన హోటల్లో, ఉత్తరపు కిటికీ పక్కనున్న చేతుల కుర్చీ వీపుమీద సుబ్బయ్య ఒక కొత్త తెల్ల టవలు పరిచాడు. పరిచి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. అంచులు సమంగా లేవనిపించి మళ్ళీ సవరించాడు. మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. ఒంటిగంటకు ఒక్కరే కూర్చోవాలి. ఆయన పథకమంతా ఇంతే.

ఆ ఒక్కరు ఆయన భార్య కృష్ణవేణమ్మ.

ఆ హోటలు ఒకప్పుడు తాలూకా కచేరి. నల్లరాతి గోడలు, ఏడు కమానులు, టేకు దూలాల మిద్దె. తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కచేరి ఊరవతలి కొత్త భవనానికి తరలిపోయింది. ఈ కట్టడం ముప్పై ఏళ్ళు చెనక్కాయల గోడౌనుగా కాలం వెళ్ళదీసింది. దాన్ని కొని బాగుచేయించాలన్న పట్టు సుబ్బయ్యది; బాగుచేశాక అందులో పొయ్యి వెలిగించాలన్న పట్టు కృష్ణవేణమ్మది. ఇమాం బాషా అనే పాతకాలపు తాపీ మేస్త్రి గోడను అరచేత్తో తట్టి, "ఇది సిమెంటును మింగదు సామీ, కక్కుతాది" అని తేల్చాడు. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు, కోడిగుడ్ల తెల్లసొన కలిపి మెత్తాడు. తెల్లసొన గోడ తింటే, పచ్చసొన ఇంటివాళ్ళు తినవలసి వచ్చింది. నాలుగు నెలలు ఆ ఇంట్లో పచ్చసొన పొరుటు తప్ప వేరే కూర లేదు. గోడ నునుపు చూసి ఊరంతా మురిసిపోతే, కృష్ణవేణమ్మ మాత్రం ఇక జన్మలో గుడ్డు ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

ఆ కట్టడంలో అందమంతా ఒకచోట పోసినట్టు ఉండేది ఉత్తరపు కిటికీ. నిలువెత్తు కిటికీ. అవతల రోడ్డు, రోడ్డు దాటితే నల్లరేగడి చేలు, చేల చివర నీలంగా ఒక గుట్ట. మండు వేసవిలో కూడా ఆ మందపు గోడల మధ్య నుంచి వచ్చే గాలికి చల్లదనం ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్ళు అడగకుండానే రెండో జొన్నరొట్టె తినేవాళ్ళు. "ఈడ కూచుంటే ఆకలి దానంతటదే వస్తాదప్పా" అనేవాళ్ళు. ఆ మాటలు ఖాళీ పళ్ళేలతో పాటు వంటింట్లోకి చేరేవి. వంటింటికీ ఒక కిటికీ ఉంది. దానిలోంచి చూస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది.

రెండేళ్ళుగా కృష్ణవేణమ్మ భోజనం నాలుగు గంటలకు, నిలబడి, చల్లారినదానితో. రెండు నెలల కింద ఒకనాడు కందిపప్పు ఏరుతూ ఏరుతూ ఆమె తలెత్తకుండానే అంది: "నాకు నగలొద్దు, యాత్రలొద్దు. ఆ కిటికీ కాడ కూచోవల్ల. ఎవరన్నా చేసిన రొట్టె, ఎవరన్నా ఏస్తే, వేడిమింద తినల్ల. ఒక్క తూరి." అని, ఏదో అడగరానిది అడిగినదానిలా చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఆమె మూడుసార్లు ఆ కుర్చీ దాకా వెళ్ళింది. మొదటిసారి పన్నెండుమంది పెండ్లివారు దిగారు. రెండోసారి ఒక ప్లీడరు, ఆయన వెంట ఇద్దరు కక్షిదారులు. మూడోసారి ఆమె కూర్చుంది కూడా. కూర్చుని, రొట్టె తుంచబోయే లోపల మంత్రాలయం పోయే యాత్రికుల బస్సు హోటలు ముందే చెడిపోయింది. ఎవరూ లెమ్మనలేదు. వండేవారు ఎవరూ లెమ్మనకుండానే లేస్తారు.

అందుకే సుబ్బయ్య ఈ మంగళవారాన్ని ఎంచుకున్నాడు. మంగళవారం బేరం పలచన. ఒంటిగంటకు ఆమెను పిలిచి కూర్చోబెట్టాలి, తానే వడ్డించాలి. అయితే ఈ సంగతి ఎవరికీ ముందుగా చెప్పకూడదు. దానికొక కారణముంది. పెండ్లయిన కొత్తల్లో, ఆదోని బస్టాండులో, ఎండకు తాళలేక కృష్ణవేణమ్మ తలమీద ఆయన గొడుగు పట్టాడు. పట్టింది పావుగంట. ఆ పావుగంటకు ఊరు ఆయన్ను పదకొండేళ్ళు గొడుగు సుబ్బయ్య అంది. పేరు మరుగున పడేసరికి ఆయన తల నెరవడం మొదలైంది. మళ్ళీ ఇంకో పేరు మోసే ఓపిక ఆయనకు లేదు.

టవలు ఎందుకంటే, అది బస్సులో నేర్చిన విద్య. బస్సు కిటికీలోంచి సీటుమీద టవలు పడిందంటే ఆ సీటు ఆ టవలుదే. రాయలసీమలో పుట్టినవాడెవడూ ఆ హక్కును కాదనడు. కాకపోతే సీటుమీద కుప్పగా పడేస్తే ఎవరో మరిచిపోయి వెళ్ళారనుకుంటారని, సుబ్బయ్య దాన్ని వీపుమీద పొందికగా పరిచాడు. అక్కడే ఆయన పొరబడ్డాడు. సీటుమీద పడిన టవలు ప్రయాణికుడిది. వీపుమీద పరిచిన తెల్ల టవలు అధికారిది. జిల్లాలో ఏ ఆఫీసుకు వెళ్ళి చూసినా, టవలున్న కుర్చీయే పెద్ద కుర్చీ. ఈ తేడా ఆ ఉదయం సుబ్బయ్యకు తప్ప అందరికీ తెలుసు. పైగా ఆ కుర్చీ ఉన్నది పాత కచేరిలో.

మొదట చూసినవాడు వడ్డించే ఓబుళేశు.

"ఎవురికి అన్నా, ఆ కుర్చీ?"

సుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎవురికో ఒకరికిలే. నువ్వు పోయి నీళ్ళు పట్టు."

"పెద్దోళ్ళా?"

సుబ్బయ్య వంగి టవలు అంచు సవరించాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఓబుళేశు ఆ చెవులను చూశాడు, కుర్చీని చూశాడు, ఇంకొక్క మాట అడగకుండా నేలంతా రెండుసార్లు తుడిచాడు. ఆ హోటలు తెరిచింది మొదలు అతను నేలను రెండుసార్లు తుడవడం అదే మొదలు.

తొమ్మిదింటికి బొరుగుల ఉగ్గాని తినడానికి చిన్న ఈరన్న వచ్చాడు. ఈరన్న అర్జీలు రాసేవాడు. తన మొట్టమొదటి అర్జీని మీసాలు రాని వయసులో ఈ కచేరి వసారాలోనే రాశాడు. కచేరి తరలిపోతే ఆయనా దాని వెంట కొత్త భవనం ముందుకు తరలిపోయాడు. ఇప్పుడు అర్జీలన్నీ ఫోనుల్లోకి వెళ్ళిపోయాయి. కలం జేబులో ఉంది, పిలిచేవాడు లేడు. ఆయన ఉగ్గాని కలుపుతూ కలుపుతూ కిటికీ వైపు చూశాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఓబుళేశూ, ఆ టవలు ఎప్పటినుంచి ఉండాది?"

"పొద్దున్నుంచి."

"ఎవురేసినారు?"

"అన్నే ఏసినాడు. ఎవురికంటే చెప్పలే."

ఈరన్న చెయ్యి కడుక్కుని కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "నలభై ఏండ్ల అనుభవమప్పా నాది. టవలు చూసి హోదా చెప్తా. అంచు లేని తెలుపు. మడత చెదరలే. ఇది చిన్న ఆపీసరుది గాదు."

"మరి ఈడికెందుకొస్తాడు?"

"కచేరి యాడుంటే ఆపీసరు ఆడికొస్తాడు. మనము మర్సిపోయినామేమో గాని ఇది కచేరే గదా! పాతకాలం మాదిరి ఊర్లోనే కూచోని అర్జీలు తీసుకుంటాడేమో." ఆ మాట తన నోటి నుంచి వెలువడగానే ఈరన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊహించినవాడే మొదటి భక్తుడయ్యాడు. ఉగ్గాని సగంలో వదిలి, కాగితాలు తెచ్చుకోవడానికి పరుగెత్తాడు.

పదింటికి నలుగురు వచ్చారు. పదిన్నరకు పదిహేనుమంది. పదకొండుకు బెంచీలన్నీ నిండిపోయాయి. హోటల్లో ఊరికే కూర్చోవడం మర్యాద కాదు కనుక అందరూ తిన్నారు. తిన్నాక లేచిపోతే పని కాదు కనుక అందరూ కూర్చున్నారు. కూర్చుంటే ఆ గాలికి ఆకలి వేస్తుంది కనుక మళ్ళీ తిన్నారు. వసారాలో ఈరన్న మోకాలిమీద అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. నలభై ఏళ్ళలో ఇంత చిన్న కోరికలను ఆయన ఎప్పుడూ రాయలేదు. ఒక ముసలాయనకు బడిగంట మళ్ళీ కొట్టించాలట. గడియారం లేని తనకు అదే పొద్దు, ఇప్పుడు బడిలో గంట లేక పొద్దు ఎక్కడుందో తెలియడం లేదట. హనుమేష్ అనే ఉల్లిగడ్డల రైతుకు వారపు సంతను పాత చోటికి మార్చాలట. కొత్త చోట బేరం బాగానే ఉందిగాని, వాళ్ళ నాయన కూర్చున్న రాయి పాత చోట ఉండిపోయిందట.

"అవ్వా, నీదేంది?" అన్నాడు ఈరన్న, చేతికర్రతో నిలబడిన ముసలామెను చూసి.

ఆమె పేరు నబీసా. నాలుగు మైళ్ళ అవతలి ఊరు. "మా ఊరి మలుపు కాడ ముందు బస్సు నిల్చేది నాయనా. ఇప్పుడు నిల్చదు. మా కూతురు ఫిరోజా ఎమ్మిగనూరు నుంచి వస్తే బస్సు మా ఇంటి ముందరే పోతాది. కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతాది. ముందుకు పోయి, యాడనో దిగి, ఎండలో ఎనక్కి నడిచొస్తాది. బస్సు కొత్తది ఏయమని గాదు. పోయేదాన్ని నిల్చమని."

ఈరన్న అది రాస్తూ రాస్తూ కలం ఆపి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ రాశాడు.

పదకొండున్నరకు కానిస్టేబులు జయకుమార్ వచ్చాడు. "ఎవరొస్తాండారయ్యా? మాకేం చెప్పలే!"

"ముందు చెప్తే ఆకస్మిక తనిఖీ ఎట్లయితాది సార్?" అన్నాడు ఈరన్న.

జయకుమార్ టోపీ తీసి ఆలోచించాడు. వచ్చేవారు వచ్చి తాను లేకపోతే తంటా. రాకపోయి తానుంటే తంటా లేదు. టోపీ పెట్టుకున్నాడు. ఎవరిదో ఎడ్ల పగ్గం తీసుకుని రెండు స్తంభాల మధ్య కట్టి, కుర్చీని జనానికి అందకుండా చేశాడు. జరుగుతున్నదంతా సుబ్బయ్య గల్లా దగ్గర నిలబడి చూస్తున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే పోయేది. ఆ మాట పెదవుల దాకా వచ్చినప్పుడల్లా ఆదోని బస్టాండు గుర్తుకొచ్చి గొంతులోకి దిగిపోయేది. ఇప్పుడు చూస్తున్నది బస్టాండులోని పదిమంది కాదు, అరవైమంది.

వంటింట్లో కృష్ణవేణమ్మ రొట్టె తరువాత రొట్టె తడుతోంది. పక్కన స్వర్ణలత పెనంమీద తిప్పుతోంది. స్వర్ణలత చేతి పని ఎంత చురుకో నోటి పని అంతకు రెట్టింపు. ఆమె చెవిన పడిన మాట సాయంత్రానికి ఆదోని చేరుతుంది.

"మంగళారం ఏంది ఈ జనం?" అంది కృష్ణవేణమ్మ.

పళ్ళేలు పట్టుకొచ్చిన ఓబుళేశు గొంతు తగ్గించి చెప్పాడు. "ఎవురో పెద్ద ఆపీసరొస్తాండాడంట వదినా. అన్న పొద్దున్నే కుర్చీ ఏసి పెట్టినాడు. కొత్త టవలు గూడ పరిచినాడు."

"యాడ?"

"కిటికీ కాడ."

రొట్టె తట్టే చప్పుడు ఆగింది. ఎంతసేపో కాదు, ఒక్క రొట్టె కాలేంత సేపు. తరువాత మళ్ళీ మొదలైంది, కాస్త గట్టిగా.

"ఆపీసరుకు కిటికీ కాడనే కావల్లనా? ఊరంతా గాలి లేదా?" అంది స్వర్ణలత.

కృష్ణవేణమ్మ ఇంకో ముద్ద పిండి తీసుకుంది. రెండు నెలల కింద కందిపప్పు ఏరుతూ అన్న మాట ఆయన వినలేదేమో అనుకుంది. విన్నాడేమో, మరిచిపోయాడేమో అనుకుంది. విని, గుర్తుండి కూడా ఇలా చేశాడేమో అన్న ఆలోచన వచ్చినప్పుడు, ఆమె దాన్ని పిండిలో కలిపి పిసికేసింది. ఇంటికి వచ్చేవాడు దొర అయినా దొంగ అయినా పస్తు పోకూడదు గనుక, మంచి వంకాయలు ఏరి, చెనక్కాయల పొడి కూరి, ఆఫీసరు కోసం ప్రత్యేకంగా ఒక గిన్నెలో గుత్తొంకాయ చేసి మూత పెట్టింది.

అప్పుడే సుబ్బయ్య వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. "మేయ్, నీకొక మాట చెప్పల్ల."

"చెప్పు."

ఆయన స్వర్ణలత వైపు చూశాడు. స్వర్ణలత చెవులు రిక్కించి రొట్టెను మాడబెడుతోంది.

"ఈడ గాదు."

"నాకు ఈడనే పనయ్యా. నీ దొర వచ్చే యాళైంది, పో. ఆయనకు గిన్నె పక్కన పెట్టినా. వేడి చల్లారకుండా ఏయి."

వేడి అన్న మాట దగ్గర ఆమె ముఖం పొయ్యి వైపు తిప్పుకుంది. సుబ్బయ్య గడప మీద అటూ ఇటూ కదిలాడు. చెప్పవలసిన మాట రెండే అక్షరాలు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ రెండు అక్షరాలు చెప్పే అలవాటు కాలేదు. వెనక్కి తిరిగాడు.

తిరిగినవాడు నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. టవలు తీసేస్తే పీడ విరగడవుతుంది. ఆమెకు ఇంకో మంగళవారం చూడవచ్చు. పగ్గం కింద నుంచి దూరి చెయ్యి చాచాడు.

"సుబ్బయ్యా! ముట్టుకోగాకు!" అని జయకుమార్ కేక వేశాడు.

"నా టవలే సార్."

"ఏసినంక నీది గాదు."

"తీయద్దు నాయనా" అంది నబీసా, పగ్గం ఇవతల నుంచే ఆయన మోచెయ్యి పట్టుకుని. "టవలు లేకుంటే ఆయన తిరిగి పోతాడేమో. నేను సంగతి ఇనంగానే బయలుదేరినా. మా మలుపు కాడ బస్సు నిల్చదు గదా, నడిచొచ్చినా."

సుబ్బయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఒంటిగంట అయింది. గోడ గడియారం ఒక్కసారి కొట్టింది. కిటికీలోంచి చల్లని గాలి వచ్చి టవలు అంచును లేపి, మళ్ళీ దించింది. అరవైమంది ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నారు. ఆ కుర్చీలో కూర్చోవలసిన మనిషి ఇరవై అడుగుల దూరంలో, పక్కింటి గోడకు ఎదురుగా, ఇంకో రొట్టె తడుతోంది. ఆ చప్పుడు సుబ్బయ్యకు ఒక్కడికే వినిపిస్తోంది.

రెండు దాటింది. అన్నం అయిపోయింది. పప్పు అయిపోయింది. రెండున్నరకు ఊరగాయ కూడా అడుగంటింది. ఆఫీసరు గిన్నెను ఓబుళేశు ఎంత దాచినా, జయకుమార్ ముందుగా రుచి చూడడం భద్రత అన్నాడు. భద్రత చాలా జాగ్రత్తగా జరిగింది. గిన్నె తుడిచినట్టు తిరిగొచ్చింది. మూడింటికి జనంలో గొణుగుడు మొదలైంది. ఈరన్న ముఖం వాడిపోయింది. పట్టీలో పదిహేడు అర్జీలు వరసగా ఎక్కించి, కింద సంతకానికి చోటు వదిలి, ఆ చోటు వైపే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు వంటింటి నుంచి కృష్ణవేణమ్మ బయటికి వచ్చింది. మోచేతుల దాకా జొన్నపిండి. నుదుటిమీద వెంట్రుకలు చెమటకు అంటుకుని ఉన్నాయి. తన కిటికీని ఆక్రమించిన మారాజును ఒక్కసారి కళ్ళారా చూడాలని వచ్చిన ఆమెకు, పగ్గం కనిపించింది, టవలు కనిపించింది, మనిషి కనిపించలేదు.

"యాడుండాడు?"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నూటా యాభై రొట్టెలు కొట్టినా. నా రెక్కలు నావి గాకుండా పోయినాయి. ఎవుడికోసరం కొట్టినానో వాని మొగమన్నా చూపీయండప్పా!"

"మీ ఆయన్నే అడుగమ్మా" అన్నాడు జయకుమార్. "కుర్చీ ఏసింది ఆయనే."

అరవై తలలు గల్లా వైపు తిరిగాయి. సుబ్బయ్య వెనక గోడ. గోడకు ఇమాం బాషా మెత్తిన సున్నం అద్దంలా ఉంది. దానిలో దాక్కోవడానికి వీలు లేదు.

"చెప్పయ్యా" అంది కృష్ణవేణమ్మ. "ఎవురికేసినావు?"

"నీకే" అన్నాడు సుబ్బయ్య.

వినబడలేదు. రెండో వరసలో ఎవరో "గట్టిగా!" అన్నారు.

"నీకే ఏసినానే!" అని ఆయన అరిచాడు. అరిచాక ఇక ఆపుకోలేకపోయాడు. "పొద్దున ఎనిమిదింటికే ఏసినా. నువ్వే గదా అంటివి, కిటికీ కాడ కూచోని తినల్లని. ఎవురూ కూచోగూడదని టవలేసినా. నేను ఇంగెవుర్నీ పిల్చలే. వీళ్ళు యాడనుంచి వచ్చినారో నాకు తెలీదు."

మొదట నోరు తెరిచింది వంటింటి గడపమీదున్న స్వర్ణలత. "ఓయమ్మో! గొడుగు పోయి టవలొచ్చె!" అంది. నవ్వు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకి, కమానులకు తగిలి, తిరిగొచ్చింది. సుబ్బయ్య తలవంచుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ళో, పదిహేనేళ్ళో, ఈ పేరు ఎంతకాలమో అని మనసులో లెక్క వేసుకుంటున్నాడు.

ఈరన్నకు నవ్వు రాలేదు. "టవలు వీపుమింద ఏస్తే మేమేమనుకోవల్ల సుబ్బయ్యా? సీటుమింద ఏసింటే తెల్సుకుందుము గదా!" అన్నాడు. ఆ మాటలో నలభై ఏళ్ళ అనుభవం విరిగిన చప్పుడుంది.

కృష్ణవేణమ్మ కూడా నవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట మాత్రమే తుడుచుకున్నట్టు తుడుచుకుంది. పగ్గం దగ్గరికి నడిచింది. జయకుమార్ ఎవరూ చెప్పకుండానే ముడి విప్పాడు. ఆమె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. వెన్ను టవలుకు ఆనించింది. కిటికీలోంచి రోడ్డును చూసింది, చేలను చూసింది, చేల చివర గుట్టను చూసింది.

"కూచున్న్యా" అంది. "తినేకి ఏముండాది?"

ఓబుళేశు నేల చూపులు చూశాడు. "ఏం లేదొదినా. అంతా అయిపాయ. పిండి డబ్బా అడుగున రెండు పిడికిళ్ళుంటే ఉంటాది."

స్వర్ణలత చీర చెంగు దోపుకుని వంటింట్లోకి తిరగబోయింది. "స్వర్ణా, నువ్వు నిలు" అంది కృష్ణవేణమ్మ. చూపు మాత్రం భర్తమీద ఉంది.

సుబ్బయ్య వంటింట్లోకి వెళ్ళాడు. ఆయన లోపల ఏం చేశాడో ఎవరూ చూడలేదు, అందరూ విన్నారు. డబ్బా మూత పడింది. నీళ్ళు కాగాయి. "అబ్బా" అన్న మాట వినిపించింది. తట్టే చప్పుడు మొదలై, తప్పటడుగులు వేసి, ఆగి, మళ్ళీ మొదలైంది. ఒక రొట్టె పీటకు అంటుకుపోయిందని, ఇంకొకటి పెనంమీదికి వెళ్ళే దారిలో రెండయిందని స్వర్ణలత గడపమీది నుంచి జనానికి ఎప్పటికప్పుడు చెబుతూ ఉంది.

జనం లేచి వెళ్ళిపోవలసిన సమయమది. కొందరు లేచారు కూడా. నబీసా మాత్రం కర్ర తాటించుకుంటూ వచ్చి, తన కాగితాన్ని కృష్ణవేణమ్మ ముందు బల్లమీద పెట్టింది.

"అవ్వా, నేను ఆపీసర్ను గాదు."

"తెలుసమ్మా."

"బస్సు నిల్చమని చెప్పేకి నాకు చేతగాదు."

"నిల్చమని ఎవురు చెప్పమన్నారు? కుర్చీలో ఒక మనిషుండాది గదా. విను. శానా ఏండ్లాయ, ఎవురూ కూచోబెట్టి విని."

కృష్ణవేణమ్మ ఎదురు కుర్చీని కాలితో ఇవతలికి జరిపింది. "కూచో అవ్వా. చెప్పు."

నబీసా చెప్పింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయే కూతురి గురించి, ఎండలో వెనక్కి నడిచొచ్చే దారి గురించి, ఆ నడక అయ్యేలోపల పొయ్యిమీద చాయ్ ఎన్నిసార్లు వేడిచేయాలో దాని గురించి. ఆమె లేచాక బడిగంట ముసలాయన కూర్చున్నాడు. ఆయన తరువాత హనుమేష్. జయకుమార్ వరస పెట్టించాడు. ఈరన్న నిలబడి పేర్లు పిలిచాడు. ఆయన గొంతు ఇరవై ఏళ్ళు చిన్నదయింది. కృష్ణవేణమ్మ ఎవరికీ ఏమీ మాట ఇవ్వలేదు. మధ్యమధ్య "అయ్యో" అంది, "అట్లనా" అంది, ఒకచోట "నీదే తప్పు లేప్పా" అని కూడా అంది. విన్నవాళ్ళందరూ తేలికపడి లేచారు.

ఏడో మనిషి లేస్తుండగా సుబ్బయ్య పళ్ళెం పట్టుకుని వచ్చాడు. బొటనవేలు కాలి ఎర్రగా ఉంది. పళ్ళెంలో ఒక రొట్టె. ఒక అంచు మాడింది, ఇంకో అంచు పచ్చిగా ఉంది. ఆకారం ఏ గుండ్రానికీ లొంగలేదు. దానిమీద ఉప్పు, చీల్చిన ఉల్లిగడ్డ. పళ్ళెం బల్లమీద పెట్టి, నీళ్ళ చెంబు పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాడు. అరవైమంది చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రగానే ఉన్నాయిగాని, అక్కడి నుంచి కదలలేదు.

కృష్ణవేణమ్మ రొట్టె తుంచింది. ఆవిరి వచ్చింది. వేళ్ళు కాలి, ఒక్క క్షణం ఊదుకుంది. నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"ఎట్లుండాది?" అన్నాడు సుబ్బయ్య.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ రెండో ముక్క తుంచుకుంది.

"వేడిగా ఉండాది" అంది.

ఆనాడు పాత కచేరిలో చేరిన అర్జీలు, చిన్న ఈరన్న పట్టీ ప్రకారం, పదిహేడు. తీరినది ఒక్కటే, అది పట్టీలో లేదు.